మాట తెలిస్తే చాలదు, మర్మం తెలియాలి: ఇంగ్లీషు జాతీయాలు, వాటి వాడుక



మన షాదీఖానా పైఅంతస్తులో మగ్రిబ్ నమాజుకూ ఇషా నమాజుకూ మధ్య సంఘం తరఫున ఇంగ్లీషు తరగతి నడుస్తున్న విషయం మీకు తెలిసిందే. దాని జమాఖర్చులు ఈ సంచికలోనే మరోచోట ఉన్నాయి. ఆ తరగతిలో పిల్లలకు అసలు ఏం చెబుతున్నామో కూడా మీకు తెలియాలి కదా! అందుకే అక్కడ చెప్పే ఒక పాఠాన్ని ఈసారి మీ ముందు ఉంచుతున్నాం. ఆ పాఠం మొదలుపెట్టడానికి కారణమైన సంఘటన ముందుగా చెబుతాం.

మా తరగతికి వచ్చే ఒక అబ్బాయి డిగ్రీ పూర్తిచేశాడు. తండ్రిది పంక్చర్ షాపు. మార్కులు బాగున్నాయి, ఇంగ్లీషు వ్యాకరణమూ బాగానే వచ్చు. ఒక కంపెనీవారు ఫోన్‌లో ఇంటర్వ్యూ చేశారు. జీతం వివరాలు మెయిల్‌లో పంపామని చెప్పి, చివరగా ‘ద బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్’ అన్నారట. అబ్బాయి ‘థాంక్యూ సార్’ అన్నాడు. మా దగ్గరికి వచ్చి ఇంటర్వ్యూ బాగా జరిగిందని సంతోషంగా చెప్పాడు. తర్వాత వాళ్ళ ఫోన్ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. రెండు వారాలకు ఒక మెయిల్ వచ్చింది. మీ నుంచి జవాబు రాలేదు కనుక వేరొకరిని తీసుకున్నాం అని దాని సారాంశం.

‘వాళ్ళేదో కోర్టు అన్నారు సార్. కాగితాల పని ఏదో ఉంటుంది, వాళ్ళే చూసుకుంటారు అనుకున్నా’ అన్నాడు ఆ అబ్బాయి తల వంచుకుని. అది న్యాయస్థానం కాదు, టెన్నిస్ ఆడే కోర్టు. బంతి మీవైపు పడింది, ఇక కొట్టవలసింది మీరే అని దాని అర్థం. అంటే, ‘మేం చెప్పవలసింది చెప్పాం, నిర్ణయం మీదే, మీ జవాబు కోసం చూస్తున్నాం’ అన్నమాట. బాల్ అంటే ఏమిటో, కోర్ట్ అంటే ఏమిటో అతనికి తెలుసు. రెండూ కలిపి అన్నప్పుడు ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. తప్పు ఆ పిల్లవాడిది కాదు, చెప్పని మాది. ఆ వారం నుంచే ప్రతి శుక్రవారం అరగంట జాతీయాలకు కేటాయించాం.

జాతీయం అంటే ఏమిటి?

కొన్ని మాటలు కలిసి, విడివిడిగా వాటికి లేని కొత్త అర్థాన్ని ఇస్తే దాన్ని జాతీయం అంటాం. ఇంగ్లీషువాళ్ళు ఇడియమ్ అంటారు. ఇది మనకు కొత్తదేమీ కాదు. ‘ఆయన ఊరికి తలలో నాలుక’ అంటే అందరికీ కావలసినవాడని మనకు తెలుసు. దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి మార్చి చెబితే వినేవాడు అయోమయంలో పడతాడు. వాళ్ళ మాటలు మనకు అర్థం కాకపోవడమూ అలాంటిదే.

మన పిల్లలకు ఒక సదుపాయం ఉంది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. మూడు భాషలతో రోజంతా గడుపుతారు కనుక ఒకే సంగతిని మూడు రకాలుగా చెప్పవచ్చని వారికి తొందరగా తెలుస్తుంది. అరుదుగా జరిగేదాన్ని ఇంగ్లీషులో ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అంటారు. ఒకే క్యాలెండర్ నెలలో రెండు పౌర్ణములు వస్తే రెండోదాన్ని బ్లూ మూన్ అంటారు. అది రెండు మూడేళ్ళకోసారి గాని రాదు. తెలుగులో ‘అమావాస్యకో పున్నానికో’ అంటాం. ఇక ఎప్పుడోగాని కనబడని స్నేహితుణ్ణి మన ఇళ్ళలో ఏమంటారు? ‘ఈద్ కా చాంద్ హో గయే!’ అంటారు. మూడు భాషలవాళ్ళూ చంద్రుడినే తలుచుకున్నారు. ఇలా చెబితే పిల్లవాడు ఆ మాటను మరచిపోడు.

పారిపోవడాన్ని ఇంగ్లీషులో ‘టేక్ టు ఒన్స్ హీల్స్’ అంటారు. హీల్స్ అంటే మడమలు. మనం ‘కాలికి బుద్ధి చెప్పాడు’ అంటాం. ఉర్దూలో ‘నౌ దో గ్యారా’ అని లెక్క చెబుతారు. జరగని పనుల గురించి కలలు కనేవాణ్ణి ఇంగ్లీషువాళ్ళూ మనమూ కూడా గాలిలో మేడలు కడుతున్నాడనే అంటాం. ఉర్దూలో మాత్రం ‘ఖయాలీ పులావ్’ వండుతాడు. ఈ మాట చెప్పినప్పుడు తరగతి అంతా నవ్వింది.

ఆఫీసులో వినబడేవి

ఉద్యోగంలో చేరిన మొదటి రోజుల్లోనే చెవిన పడే జాతీయాలు కొన్ని ఉన్నాయి. ‘బ్రేక్ ద ఐస్’ అంటే మంచు పగలగొట్టడం కాదు, కొత్తవారి మధ్య ఉండే బిడియాన్ని పోగొట్టేలా మాట కలపడం. ‘లెట్స్ కాల్ ఇట్ ఎ డే’ అంటే ఇవాళ్టికి పని చాలిద్దాం అని. ‘ఆర్ వి ఆన్ ద సేమ్ పేజ్?’ అని అడిగితే చేతిలోని పుస్తకంలో పేజీ నంబరు వెతకనక్కరలేదు. మనందరికీ విషయం ఒకేలా అర్థమైందా అని అడుగుతున్నారు. ‘బ్యాక్ టు స్క్వేర్ వన్’ అంటే కథ మళ్ళీ మొదటికొచ్చిందని. ‘కట్ కార్నర్స్’ అంటే డబ్బో సమయమో మిగుల్చుకోవడానికి చేయవలసిన పనిని సరిగా చేయకపోవడం. మూలలు కత్తిరించమని చెప్పారనుకుంటే ప్రమాదం.

‘డోంట్ బీట్ అరౌండ్ ద బుష్’ అనే మాట మాకు చాలా ఇష్టం. బుష్ అంటే పొద. వేటగాళ్ళు పక్షులను లేపడానికి పొదల చుట్టూ కర్రలతో కొట్టేవారు. అసలు విషయానికి రాకుండా చుట్టూ తిప్పి మాట్లాడటానికి ఆ పేరు స్థిరపడింది. తెలుగులో దీన్ని ‘డొంకతిరుగుడు’ అంటాం. డొంక అన్నా పొదే. ‘తీగ లాగితే డొంకంతా కదిలింది’ అనేటప్పుడు ఆ డొంకే. ఇంత దగ్గరగా కలిసే మాటలు ఉన్నాయని చూపిస్తే ఇంగ్లీషు అంటే పిల్లలకున్న బెరుకు సగం పోతుంది.

‘రెడ్ టేప్’ గురించి మన దాతలకు మేం చెప్పనక్కరలేదు. ఇంగ్లండులో ప్రభుత్వ కాగితాలను ఎర్రని నాడాతో కట్టేవారు. ఆ నాడా పేరే ఆఫీసుల్లో జరిగే అనవసర జాప్యానికి పేరయింది. స్కాలర్‌షిప్పు దరఖాస్తుల కోసం చెప్పులరిగేలా తిరిగిన తల్లిదండ్రులకు ఈ మాట అర్థం చెప్పకుండానే తెలిసిపోతుంది.

ఆసుపత్రిలో అవసరమైనవి

మన ఆడపిల్లల్లో నర్సింగ్ చదివేవారు ఏటేటా పెరుగుతున్నారు. కొందరు గల్ఫ్ దేశాలకూ, ఇంగ్లండుకూ వెళ్ళాలని చూస్తున్నారు. ఇంగ్లండులో నర్సుగా నమోదు కావడానికి ఐఈఎల్‌టీఎస్ వంటి ఇంగ్లీషు పరీక్ష రాయవలసి ఉంటుంది. పరీక్షలో నెగ్గడం ఒక ఎత్తు, మంచం మీద ఉన్న ముసలాయన మాట అర్థం చేసుకోవడం ఇంకో ఎత్తు. ఆయన పాఠ్యపుస్తకంలా మాట్లాడడు.

‘ఐ హావ్ పిన్స్ అండ్ నీడిల్స్ ఇన్ మై ఫుట్’ అని రోగి అంటే కాలిలో సూదులు గుచ్చుకున్నాయని కాదు, తిమ్మిరెక్కిందని. ‘అండర్ ద వెదర్’ అంటే వాతావరణం సంగతి కాదు, ఒంట్లో నలతగా ఉందని. ‘ఫ్రాగ్ ఇన్ మై త్రోట్’ అంటే గొంతు బొంగురుపోయిందని. ‘ఆన్ ద మెండ్’ అంటే కోలుకుంటున్నారని. ‘టచ్ అండ్ గో’ అని డాక్టరు అన్నారంటే పరిస్థితి అటో ఇటో చెప్పలేం అని అర్థం. ‘నాట్ అవుట్ ఆఫ్ ద వుడ్స్ యెట్’ అంటే గండం ఇంకా గట్టెక్కలేదని. ఈ చివరి రెండింటికీ అర్థం తెలియకపోతే జరిగే నష్టం ఏమిటో మీరే ఊహించండి.

ఇంగ్లండులో పెద్ద వయసువారు ‘ఐ నీడ్ టు స్పెండ్ ఎ పెన్నీ’ అంటారు. చేతిలో చిల్లర పెట్టకండి. మరుగుదొడ్డికి వెళ్ళాలని వారు మర్యాదగా చెబుతున్నారు. ఒకప్పుడు అక్కడి పబ్లిక్ మరుగుదొడ్ల తలుపు తెరుచుకోవడానికి ఒక పెన్నీ నాణెం వేయవలసి ఉండేది. ఆ పద్ధతి పోయినా మాట మిగిలింది. ఈ ఒక్క ముక్క తెలిసిన నర్సమ్మను ఆ ముసలావిడ దీవించకుండా ఉంటుందా?

ఒక హెచ్చరిక కూడా చెబుతాం. ‘కిక్ ద బకెట్’ అంటే చనిపోవడం. పరీక్షల గైడ్లలో ఇది తప్పకుండా కనిపిస్తుంది. కానీ ఇది వేళాకోళపు మాట. తెలుగులో ‘బాల్చీ తన్నేశాడు’ అన్నా అంతే కదా! ఆప్తులను పోగొట్టుకున్నవారి ముందు ఎవరైనా ఆ మాట అంటారా? అక్కడ ‘పాస్డ్ అవే’ అనాలి. అర్థం తెలిసినంత మాత్రాన చాలదు, ఎవరి దగ్గర ఏ మాట వాడాలో తెలియాలి.

డబ్బు, దానం గురించినవి

దాతలకు ఈ భాగం ప్రత్యేకంగా నచ్చుతుందని మా ఆశ.

‘లివింగ్ ఫ్రమ్ హ్యాండ్ టు మౌత్’ అంటే చేతికొచ్చింది నోటికే సరిపోవడం. మనం ‘రెక్కాడితేగాని డొక్కాడదు’ అంటాం. మా పిల్లల్లో సగంమందికి ఈ మాటను బోర్డు మీద రాసి వివరించే పని లేదు. ‘మేక్ ఎండ్స్ మీట్’ అంటే వచ్చే రాబడితో ఎలాగో ఇల్లు గడుపుకోవడం. ‘టైటెన్ ద బెల్ట్’ అంటే ఖర్చు తగ్గించుకోవడం. ‘ఫుట్ ద బిల్’ అంటే ఖర్చు భరించడం. మన తరగతి ‘షూస్ట్రింగ్ బడ్జెట్’ మీద నడుస్తోంది అంటే చాలా తక్కువ డబ్బుతో నెట్టుకొస్తున్నామని. షూస్ట్రింగ్ అంటే బూటు తాడు. అంత సన్నటి ఆధారం అన్నమాట.

‘నో స్ట్రింగ్స్ అటాచ్డ్’ అనేదీ తాడుకు సంబంధించిందే. ఇచ్చినదానికి తాళ్ళు కట్టి చివర చేతిలో పట్టుకోవడం లేదని, అంటే షరతులు లేని సాయం అని అర్థం. పేరు వేయవద్దని చెప్పి కవరు ఇచ్చి వెళ్ళే దాతలను చూసినప్పుడు మాకు ఈ మాటే గుర్తొస్తుంది.

‘వైట్ ఎలిఫెంట్’ అంటే తెల్ల ఏనుగు. ఉపయోగం తక్కువ, పోషణ ఖర్చు ఎక్కువ అయిన వస్తువు. సయాం రాజులు తమకు గిట్టనివారికి తెల్ల ఏనుగును బహూకరించేవారని, దాన్ని పనికి వాడలేక, వదిలించుకోలేక, మేపలేక వాళ్ళు దివాలా తీసేవారని ఒక కథ చెబుతారు. రెండేళ్ళ క్రితం చవకగా వస్తోందని ఒక పాత వ్యాన్ కొనబోయాం. కమిటీలో ఒక పెద్దాయన ‘భాయ్, దాని డీజిలూ రిపేర్లూ ఎవరిస్తారు?’ అని అడిగారు. వ్యాను ఆగిపోయింది, ఆ డబ్బు పుస్తకాలకు వెళ్ళింది. తరగతిలో తెల్ల ఏనుగుకు ఉదాహరణగా దాన్నే చెబుతున్నాం.

‘రాబింగ్ పీటర్ టు పే పాల్’ అంటే ఒకరి దగ్గర కొట్టి ఇంకొకరి బాకీ తీర్చడం. ఒక అవసరానికి ఉద్దేశించిన డబ్బును ఇంకోదానికి మళ్ళించడాన్ని ఇలా అంటారు. జకాత్ ఎవరికి చెందాలో ఖుర్ఆన్ స్పష్టంగా చెప్పింది. ఆ సొమ్ముతో షాదీఖానాకు ఫ్యాన్లు కొంటే పీటర్‌ను దోచినట్టే. జకాత్ ఖాతా, సాధారణ విరాళాల ఖాతా మనం వేర్వేరుగా ఉంచుతున్నది అందుకే.

‘డోంట్ లుక్ ఎ గిఫ్ట్ హార్స్ ఇన్ ద మౌత్’ అంటే కానుకగా వచ్చిన గుర్రం నోరు తెరిచి చూడవద్దని. గుర్రం వయసు పళ్ళను బట్టి తెలుస్తుంది. ఊరికే ఇచ్చినదానికి లోపాలు వెతకడం మర్యాద కాదన్నమాట. ఉర్దూ, హిందీ మాట్లాడేవారు ‘దాన్ కీ బఛియా కే దాంత్ నహీ దేఖే జాతే’ అంటారు. అక్కడ గుర్రం, ఇక్కడ దూడ. పళ్ళు మాత్రం రెండుచోట్లా ఉన్నాయి.

చివరగా ‘చారిటీ బిగిన్స్ ఎట్ హోమ్’. ఇది 17వ శతాబ్దం నాటికే ఇంగ్లీషులో వాడుకలో ఉంది. మనకూ ‘అవ్వల్ ఖేష్, బాద్ దర్వేష్’ అనే మాట ఉంది. ముందు అయినవాళ్ళు, తర్వాత ఫకీరు అని. అవసరంలో ఉన్న బంధువుల హక్కును మన ధర్మమూ ముందే ఉంచింది. అయితే విరాళం అడిగినప్పుడు తప్పించుకోవడానికి కూడా కొందరు ఈ మాట వాడతారు. వారికి మేం వినయంగా చెప్పేది ఒకటే. అందులో ఉన్న మాట ‘బిగిన్స్’. దానం ఇంట్లో మొదలవుతుందని అన్నారు గాని ఇంట్లోనే ఆగిపోవాలని అనలేదు.

మనకు ఇబ్బంది అనిపించేవి

ఒక తండ్రి మమ్మల్ని నిలదీశాడు. ‘సార్, బేకన్ అంటే పంది మాంసమట కదా. మా పిల్ల నోట ఆ మాట పలికిస్తారా?’ అని. ‘బ్రింగ్ హోమ్ ద బేకన్’ అనే జాతీయం గురించి ఆయన బాధ. దానికి కుటుంబాన్ని పోషించేంత సంపాదించడం అని అర్థం. మేం ఆయనకు ఇలా చెప్పాం: ‘భాయ్, ఎవరైనా అంటే అర్థం కావాలి కదా, అందుకు నేర్పుతున్నాం. మీ అమ్మాయి అనవలసి వచ్చినప్పుడు ఎర్న్ ఎ లివింగ్ అంటే సరిపోతుంది.’ ఆయన శాంతించాడు. ‘టచ్ వుడ్’, ‘ఫింగర్స్ క్రాస్డ్’ కూడా అలాంటివే. మొదటిది దిష్టి తగలకూడదని చెక్కను తాకే నమ్మకం, రెండోది మంచి జరగాలని వేళ్ళు మెలివేసే అలవాటు. మన పిల్లలు ఆ చోట మాషా అల్లాహ్ అనో, ఇన్షా అల్లాహ్ అనో అంటారు. ఎదుటివారు అన్నది అర్థం చేసుకుని చిరునవ్వు నవ్వితే చాలు.

మరొకటి ఉంది. ‘కొండ ముహమ్మద్ దగ్గరికి రాకపోతే ముహమ్మదే కొండ దగ్గరికి వెళ్ళాలి’ అనే అర్థంలో ఇంగ్లీషులో ఒక నానుడి ఉంది. ఎదుటివారు కదలకపోతే మనమే కదలాలని దాని భావం. ఇది విని ఒక అబ్బాయి కాలేజీలో గొడవపడి వచ్చాడు. మేం అతన్ని కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పాం. ఈ కథ ఖుర్ఆన్‌లో లేదు, ప్రామాణిక హదీసు గ్రంథాల్లోనూ లేదు. ఇంగ్లండుకు చెందిన ఫ్రాన్సిస్ బేకన్ 1625లో ప్రచురించిన వ్యాసాల్లో, తెగువ గురించి రాసిన వ్యాసంలో ఈ కథ ఉంది. ప్రవక్త ముహమ్మద్ (స) జీవితానికీ దానికీ సంబంధం లేదు. వాడేవారిలో చాలామందికి ఆ సంగతి తెలియదు, అవమానించాలన్న ఉద్దేశమూ ఉండదు. కోపం తెచ్చుకునే బదులు ఈ నాలుగు ముక్కలూ నెమ్మదిగా చెప్పగలిగితే, వినేవాడు ఒక కొత్త విషయం తెలుసుకుని వెళతాడు. అలా చెప్పడానికి కూడా ఇంగ్లీషు కావాలి మరి.

మన దేశపు ఇంగ్లీషుతో జాగ్రత్త

మనం రోజూ వాడే కొన్ని మాటలు బయటిదేశాల్లో వేరుగా వినిపిస్తాయి. ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019’ అని మన పిల్లలు బయోడేటాలో రాస్తారు. చదువు పూర్తయిందని వారి ఉద్దేశం. అమెరికాలో చదివేవాడికి 2019లో స్పృహ తప్పి పడిపోయాడని తోస్తుంది. అక్కడ ‘గ్రాడ్యుయేటెడ్’ అని రాయాలి. ‘అవుట్ ఆఫ్ స్టేషన్’ అంటే ఊళ్ళో లేరని మనకు తెలుసు, బయటివారికి అర్థం కాకపోవచ్చు. ‘అవుట్ ఆఫ్ టౌన్’ అంటే అందరికీ తెలుస్తుంది.

మేం చెప్పే నాలుగు నియమాలు

మొదటిది, జాతీయాన్ని ముందు వినడానికి నేర్చుకోవాలి, వాడటం తర్వాత. రెండోది, అందులో మాటలు మార్చకూడదు. రహస్యం బయటపెట్టడాన్ని ‘స్పిల్ ద బీన్స్’ అంటారు. చిక్కుడు బదులు బఠాణీ పెడితే కుదరదు. మూడోది, దరఖాస్తుల్లో, అధికారిక ఉత్తరాల్లో సూటిగా రాయాలి. జాతీయాలు ఎక్కువగా మాటల్లో శోభిస్తాయి. నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. అర్థం కాకపోతే అడగాలి. ‘సారీ, వాట్ డూ యు మీన్ బై దట్?’ అని అడగడం సిగ్గుపడవలసిన పని కాదు. ఆ అబ్బాయి ఆ రోజు ఈ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఉద్యోగం దక్కేదేమో.

ఆ అబ్బాయి తరగతి మానలేదు. ఇంకోచోట ఇంటర్వ్యూకు వెళ్ళాడు, అర్థం కానిచోట అడిగాడు, ఉద్యోగం వచ్చింది. అల్‌హందులిల్లాహ్. ఇప్పుడు సెలవుల్లో వచ్చినప్పుడు చిన్నపిల్లలకు తనే పాఠం చెబుతున్నాడు. మొదటి పాఠం ఏమిటో మీరు ఊహించగలరు.

దాతలకు ఒక మనవి. మీరిచ్చే డబ్బుతో ఈ తరగతికి పుస్తకాలు, కరెంటు, ఉపాధ్యాయుల గౌరవ వేతనం సమకూరుతున్నాయి. డబ్బుతో కొనలేనిది ఒకటుంది. మీలో ఎందరో గల్ఫ్‌లో, అమెరికాలో, పెద్ద ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో పనిచేసినవారు. ఈ మాటలను పుస్తకాల్లో చదవకుండా, మనుషుల నోట విని నేర్చుకున్నవారు. ఊరికి వచ్చినప్పుడు ఒక్క శుక్రవారం మగ్రిబ్ తర్వాత పైఅంతస్తుకు రండి. ఒక అరగంట కూర్చుని, మీరు తడబడిన సందర్భాలూ నేర్చుకున్న మాటలూ పిల్లలకు చెప్పండి. వారు తడబడే అవసరం తగ్గుతుంది.

మేం చెప్పవలసింది చెప్పాం. బంతి ఇప్పుడు మీ కోర్టులో ఉంది. మీరు వస్తారనే మా నమ్మకం, ఇన్షా అల్లాహ్.